పట్టీ పడిన కడుపు, పాత పళ్లెం

బరువు తగ్గించే ఇంజక్షన్ల గురించి ఇంటింటా మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లో, రెండు దశాబ్దాల క్రితం ఇంతటి ఆశనే రేపిన గ్యాస్ట్రిక్ బ్యాండ్ చరిత్రనూ, దానిని ఒంట్లో మోస్తూ తిండితో సతమతమవుతున్నవారి కష్టాన్నీ ఒకసారి తరచి చూడవలసి ఉంది.

సరిగా నమలని అన్నం ముద్ద అన్నవాహిక దిగి, జఠరం పైభాగాన బిగించిన సిలికాన్ పట్టీ దగ్గర ఆగిపోయినప్పుడు, తింటున్న మనిషికి రొమ్ము ఎముక వెనుక రాయి పెట్టినట్టు బరువుగా ఉంటుంది, నోట్లో చిక్కటి నురుగు లాలాజలం ఊరడం మొదలవుతుంది, నొప్పి భుజాల దాకా పాకుతుంది. నీళ్లు తాగితే ముద్ద దిగిపోతుందన్న జీవితకాలపు అలవాటు కొద్దీ గ్లాసు అందుకుంటే, ఆ నీళ్లకు కూడా దారి లేక అవస్థ ఇంకా ముదురుతుంది. చుట్టూ కూర్చున్నవారు ‘ఇంకాస్త వేసుకోండి’ అంటూ కొసరి వడ్డిస్తుండగా ఆ మనిషి ఏదో వంక చెప్పి లేచి, తలుపు వేసుకుని, మింగింది మింగినట్టే వెనక్కి వచ్చేదాకా వాష్‌బేసిన్ ముందు నిలబడవలసి వస్తుంది. పట్టీ వేయించుకున్నవారు ఈ స్థితిని ‘ఇరుక్కోవడం’ అనీ, నురుగు ఊరడాన్ని ‘స్లైమింగ్’ అనీ తమలో తాము చెప్పుకుంటారు. ఆపరేషన్‌కు ముందు మొదటి సంప్రదింపులో వినిపించే మాటలలో ఇవి అరుదుగా ఉంటాయి.

ఈ దృశ్యాన్ని ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి కారణం ఉంది. 2025 మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో వెగోవీ పేరుతో సెమాగ్లుటైడ్ అనే ఇంజక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చిన నాటి నుంచి బరువు తగ్గించే వైద్యం పెళ్లి విందుల్లోనూ ఆఫీసు క్యాంటీన్లలోనూ నలిగే సంభాషణగా మారింది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం కాగా, తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం ఉన్నారు కాబట్టి, ఈ సంభాషణ తెలుగు ఇళ్లలో ఎక్కువగా జరగడంలో వింత లేదు. వారానికొక సూదితో ఆకలి దానంతట అదే అణిగిపోతుందని నేడు ఎలా ఆశపడుతున్నారో, కడుపు చుట్టూ ఒక పట్టీ బిగిస్తే తిండి దానంతట అదే తగ్గిపోతుందని 2001 తరువాతి దశాబ్దంలో అమెరికా, ఆస్ట్రేలియా, ఐరోపాలలో లక్షల మంది అలాగే ఆశపడ్డారు. ఆ ఆశ కొందరికి ఫలించింది, చాలామందికి పాక్షికంగా ఫలించింది, గణనీయమైన సంఖ్యలో మనుషులకు మరో ఆపరేషన్ బల్ల దాకా తీసుకువెళ్లింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా అన్యాయమైన సంగతి ఏమిటంటే, పరికరం చేయగలిగిన పనికీ దాని పేరిట చేసిన వాగ్దానానికీ మధ్య మిగిలిన తేడా అంతా ‘నోరు కట్టుకోలేకపోయారు’ అన్న నిందగా రోగి ఖాతాలోనే జమ అయింది.

ఉంగరంలాంటి పట్టీ, చర్మం కింద పోర్టు

గ్యాస్ట్రిక్ బ్యాండ్ అంటే లోపలి అంచున ఒక చిన్న బెలూన్ అమర్చిన సిలికాన్ పట్టీ. అన్నవాహిక వచ్చి జఠరంలో కలిసే చోటుకు కొద్దిగా దిగువన దీనిని చుట్టూ బిగిస్తే, పైన 15 నుంచి 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి ఏర్పడుతుంది. అంటే ఒకటి రెండు పెద్ద చెంచాల పరిమాణం. బెలూన్ నుంచి బయలుదేరిన సన్నని గొట్టం పొట్ట చర్మం కింద, కండరానికి కుట్టిన ఒక బిళ్లలో ముగుస్తుంది, దానిని పోర్టు అంటారు. వైద్యుడు చర్మం మీదుగా పోర్టులోకి సూది గుచ్చి సెలైన్, అంటే శుద్ధమైన ఉప్పునీరు ఎక్కిస్తే పట్టీ బిగుసుకుంటుంది, వెనక్కి తీస్తే వదులవుతుంది. ఈ సర్దుబాటుకే ‘ఫిల్’ అని వాడుక పేరు. జఠరంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసివేసే స్లీవ్ శస్త్రచికిత్సలోనూ, జఠరాన్ని చిన్నది చేసి నేరుగా చిన్న పేగుకు కలిపే బైపాస్‌లోనూ శరీర నిర్మాణమే మారిపోతుంది. బ్యాండ్‌లో మాత్రం కోత లేదు, కావాలంటే తీసివేయవచ్చు. చర్మం కింది కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్‌కూ వీటిలో దేనికీ సంబంధం లేదు, అయినా అన్నిటినీ ఒకటిగా అనుకునేవారు నేటికీ ఉన్నారు.

కోత లేదన్న మాటే బ్యాండ్‌ను జనానికి దగ్గర చేసింది. పట్టీ ఒక గేటు వలె తిండిని అడ్డుకుంటుందని జనం అనుకున్నారు, తొలినాళ్లలో వైద్యులలో కూడా చాలామంది అలాగే అనుకున్నారు. మెల్‌బోర్న్‌లో శస్త్రవైద్యుడు పాల్ ఓబ్రయన్ బృందం జరిపిన పరిశీలనలు వేరే సంగతిని బయటపెట్టాయి. తగినంతగా బిగించిన పట్టీ దగ్గర బాగా నమిలిన ముద్ద ఎక్కువసేపు నిలవదు, అన్నవాహిక కండరాలు దానిని కొద్దికొద్దిగా కిందికి నెట్టేస్తాయి, అలా నెట్టేటప్పుడు ఆ భాగంలోని నాడీ కొసల మీద పడే ఒత్తిడి వేగస్ అనే నాడి ద్వారా మెదడుకు చేరి ‘చాలు’ అన్న భావన కలిగిస్తుంది. అంటే పట్టీ అసలు పని ఆకలిని మందగించడం. దీనిని అర్థం చేసుకోని రోగి ‘ఇంకా తినగలుగుతున్నాను, కాబట్టి ఇంకా బిగించండి’ అని అడుగుతాడు. బిగించినకొద్దీ ముద్ద ఇరుక్కోవడం పెరుగుతుందే తప్ప ఆకలి తగ్గదు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను స్లీవ్ తరువాత బాగా తగ్గుతుంది, బ్యాండ్ తరువాత అలా తగ్గదు. ఈ తేడాను రోగికి మొదటి రోజే విడమరచి చెప్పి ఉంటే తరువాత జరిగిన అనర్థంలో కొంత భాగమైనా తప్పేది.

> పట్టీ ప్రస్థానం
>
> సర్దుబాటుకు వీలున్న సిలికాన్ పట్టీని అమెరికాలో స్థిరపడిన శస్త్రవైద్యుడు లుబోమిర్ కుజ్మాక్ 1986లో వాడుకలోకి తెచ్చారు. పొట్టను పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల గుండా, లాప్రోస్కోపీ పద్ధతిలో దీనిని తొలిసారి అమర్చినవారు మితికు బెలాచ్యూ. బెల్జియంలోని హ్యుయ్ పట్టణంలో 1993 సెప్టెంబరులో ఆ ఆపరేషన్ జరిగింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2001 జూన్‌లో ల్యాప్‌బ్యాండ్ పేరుతో అమ్మే ఈ పట్టీకి అనుమతి ఇచ్చింది. 2011లో అమెరికాలో జరిగిన బరువు తగ్గింపు శస్త్రచికిత్సలలో మూడో వంతుకు పైగా ఇవే. 2019 నాటికి వాటి వాటా ఒక శాతం లోపుకు పడిపోయింది.

అరవై కిలోల కల, ఎనభై రెండు కిలోల విజయం

ఆపరేషన్ తరువాత కలిగే నిరాశకు తిండికన్నా ముందు ఒక లెక్క కారణమవుతుంది. బరువు తగ్గింపు శస్త్రచికిత్సల ఫలితాన్ని వైద్యులు ‘అదనపు బరువులో ఎంత శాతం పోయింది’ అన్న కొలతతో చెబుతారు. 155 సెంటీమీటర్ల ఎత్తు, 105 కిలోల బరువు ఉన్న ఒక మహిళను ఊహించుకుంటే, బరువును ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే బీఎంఐ అనే సూచిక ఆమెకు దాదాపు 44 ఉంటుంది. బీఎంఐ 25కు సరిపడే బరువు ఆ ఎత్తుకు 60 కిలోలు, కాబట్టి ఆమె అదనపు బరువు 45 కిలోలు. బ్యాండ్‌తో అందులో సగం తగ్గితే వైద్య పరిభాషలో అది చక్కని విజయం. అయితే ఆ విజయం తరువాత కూడా ఆమె 82, 83 కిలోల దగ్గర ఉంటుంది, బీఎంఐ 34 ఉంటుంది, అద్దంలో కనిపించే ఆకారం ఆమె ఊహించుకున్నదానికి చాలా దూరంగా ఉంటుంది. ‘50 శాతం తగ్గుతుంది’ అన్న వాక్యాన్ని వైద్యుడు ఒక అర్థంలో అంటాడు, ఎదుట కూర్చున్న మనిషి దానిని మరో అర్థంలో వింటుంది, ఇద్దరూ ఒకే మాట మీద సంతకం చేస్తారు.

ఈ దూరం ఎంతటిదో కొలిచినవారు ఉన్నారు. 1997లో అమెరికాలో ఫోస్టర్, వాడెన్ తదితరులు ఆహార నియమాల చికిత్సలో చేరిన 60 మంది స్థూలకాయ మహిళలను ఎంత బరువుకు దిగాలని ఉందని అడిగితే, సగటున తమ బరువులో 32 శాతం తగ్గాలని వారు చెప్పారు. 17 కిలోలు తగ్గడాన్ని ‘నిరాశ కలిగించే ఫలితం’ అన్నారు. 48 వారాల చికిత్సలో సగటున తగ్గింది 16 కిలోలు. అంటే ఏ వైద్యుడైనా సంతోషించే ఫలితం సాధించిన మనుషులలో చాలామంది, తమ దృష్టిలో నిరాశకు కూడా అందకుండా ఇళ్లకు వెళ్లారు. ఇది శస్త్రచికిత్స అధ్యయనం కాదు గానీ, కత్తి గాటు పడిన చోట ఆశ ఇంకా పెద్దదవుతుందే తప్ప చిన్నది కాదు.

దీర్ఘకాలపు లెక్కలు ఇంకా నిబ్బరంగా వినవలసినవి. 1987లో స్వీడన్‌లో మొదలైన స్థూలకాయుల అధ్యయనం ప్రకారం బ్యాండ్ వేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో తమ మొత్తం బరువులో సగటున 20 శాతం తగ్గినా, 15 ఏళ్ల తరువాత నిలిచింది 13 శాతమే. బైపాస్ చేయించుకున్నవారిలో అది 27 శాతం. పై ఉదాహరణలోని 105 కిలోల మహిళకు 13 శాతమంటే 91 కిలోల దగ్గర నిలవడం. అదే అధ్యయనం చెప్పిన మరో సంగతిని కూడా ఇంతే గట్టిగా చెప్పాలి: అక్కడ బరువు తగ్గింపు శస్త్రచికిత్స ఏ రకమైనా చేయించుకున్నవారందరినీ కలిపి చూస్తే, చేయించుకోనివారితో పోల్చినప్పుడు మరణాలు తక్కువగా ఉన్నాయి. అద్దం ముందు నిరాశపరిచిన తగ్గుదల మధుమేహానికీ, రక్తపోటుకూ, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకూ మేలు చేసి ఉండవచ్చు. ఆ మేలును తూకం యంత్రం చూపించదు, చుట్టాలూ గమనించరు.

మెత్తటి తిండి వైపు జారుడు

పట్టీ పడిన కడుపు తిండిని పోషక విలువను బట్టి ఎంచుకోదు, మెత్తదనాన్ని బట్టి ఎంచుకుంటుంది. బ్యాండ్‌తో తిండి విషయంలో వచ్చే చాలా చిక్కులకు మూలం ఇక్కడే ఉంది. జిగురుగా ముద్ద కట్టే తెల్లన్నం, నమిలినా సాగే చపాతీ, బ్రెడ్డు, పీచు తీసే మునక్కాడ, ఆకుకూరల కాడలు, ఆరిపోయిన కోడి ముక్క, వేటమాంసం పట్టీ దగ్గర నిలుచుంటాయి. ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్, సేమ్యా పాయసం, చాక్లెట్, నోట్లో పెట్టగానే కరిగిపోయే పూతరేకు, టీ గుక్కతో పిండిపిండి అయిపోయే చేగోడీ, జంతిక ఏ అడ్డూ లేకుండా దిగిపోతాయి. మాంసకృత్తులు, కూరగాయలు తినబోయిన ప్రతిసారీ నొప్పి శిక్షగా ఎదురై, చక్కెరా నెయ్యీ కలిసిన మెత్తటి పదార్థం ప్రతిసారీ హాయిగా దిగిపోతుంటే, మనిషి నాలుక కొద్ది వారాల్లోనే ఏ వైపు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. పాశ్చాత్య వైద్యులు ఇలాంటి వాటిని ‘స్లైడర్’ ఆహారం, అంటే జారిపోయే తిండి అంటారు. 100 గ్రాముల ఐస్‌క్రీమ్‌లో సుమారు 200 క్యాలరీలు ఉంటాయి, అది పై సంచిలో నిలవదు, కడుపు నిండిన భావన ఇవ్వదు, గంట తిరగకముందే మళ్లీ ఆకలి మొదలవుతుంది.

ఈ జారుడును చూసినవారు దానిని రుచి మీది బలహీనతగా భావిస్తారు. అనేక సందర్భాలలో అది అతిగా బిగించిన పట్టీ లక్షణం. నొప్పి లేకుండా తినగలిగింది మాత్రమే తినడం ఏ ప్రాణికైనా సహజం కాబట్టి, పట్టీని కొద్దిగా వదులు చేస్తే కూర, పప్పు, గుడ్డు తినగలిగి బరువు తగ్గడం తిరిగి మొదలైన రోగులు ఉంటారని అనుభవజ్ఞులైన శస్త్రవైద్యులు చెబుతారు. బిగిస్తేనే తగ్గుతామన్న నమ్మకం బలంగా ఉన్న రోగికి ఈ మాట ఒకపట్టాన రుచించదు, వదులు చేయించుకోవడమంటే ఓటమి ఒప్పుకోవడంలా తోస్తుంది. ఆస్ట్రేలియా వైద్యులు దీనికోసం పసుపు, ఆకుపచ్చ, ఎరుపు అన్న మూడు రంగుల మండలాలుగా వివరించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు: ఆకలి వేధిస్తుంటే పట్టీ వదులుగా ఉన్న పసుపు మండలం, కొద్దిపాటి తిండితో తృప్తి కలుగుతుంటే ఆకుపచ్చ, వాంతులు, రాత్రి దగ్గు, ఛాతీలో మంట, మెత్తటి తిండి మీదికే మనసు పోవడం ఉంటే ఎరుపు.

పట్టీ బిగువు రోజంతా ఒకేలా ఉండదని కూడా రోగులు మొదట గ్రహించరు. చాలామందికి ఉదయం పూట బిగువుగా ఉండి ఇడ్లీ ముక్క కూడా దిగదు, సాయంత్రానికి వదులైనట్టు ఉంటుంది. పొద్దున ఏమీ తినలేని మనిషి చీకటి పడేసరికి నకనకలాడుతూ వంటింట్లోకి వెళితే, రోజంతటి తిండీ రాత్రి తొమ్మిది తరువాతే కడుపులో పడుతుంది. మనసు కలవరపడినప్పుడు కూడా పట్టీ బిగిసినట్టు అనిపిస్తుందని అనేకులు చెబుతారు.

ఇంతకీ ఈ చికిత్స మనిషి నుంచి కోరేది ఎంత పెద్ద మార్పో తెలుగు ఇంటి భోజనాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, పిల్లల పళ్లెంలో మిగిలింది పారేయలేక, చల్లారిన అన్నంలో చారు పోసుకుని నిలబడే నాలుగు ముద్దలు మింగి అంట్ల దగ్గరికి పరుగెత్తే గృహిణికి, ముద్దను బఠాణీ గింజంత చేసి, ఇరవై సార్లకు తక్కువ కాకుండా నమిలి, నిమిషం ఆగి తరువాతి ముద్ద తీసుకోమని చెప్పడమంటే, ఆమె భోజనం పద్ధతిని మాత్రమే కాదు, ఆ ఇంట్లో ఆమె స్థానాన్ని కూడా మార్చమని చెప్పడమే. కూర్చుని, తొందర లేకుండా, మొదటి పంక్తిలో తినే హక్కు ఆమెకు ఇంటివారు ఇవ్వాలి. ఆహార నియమాల కాగితం మీద ఆ మాట రాసే వైద్యులు అరుదు. మీటింగుల నడుమ పది నిమిషాల్లో భోజనం ముగించే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది మరో రకం ఇబ్బంది. చారన్నం, మజ్జిగన్నం వంటి పల్చని కలుపు అన్నం సులభంగా దిగుతుంది గానీ త్వరగా జారిపోతుంది. ముద్దపప్పు అన్నం కడుపు నింపుతుంది గానీ తొందరపడితే ఇరుక్కుంటుంది. ఇలాంటి సూక్ష్మాలు స్టేకు, పాస్తా, శాండ్‌విచ్ చుట్టూ రాసిన పాశ్చాత్య పుస్తకాల్లో దొరకవు. బ్యాండ్ ఊపు మీద ఉన్న 2001–2011 మధ్య కాలంలోనే తెలుగువారు పెద్ద సంఖ్యలో అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కుదురుకున్నారు గనుక, అక్కడ పట్టీ వేయించుకుని, ఇక్కడి వంటతో దానికి పొత్తు కుదుర్చుకోవలసి వచ్చినవారికి ఈ లోటు బాగా తెలుసు.

> పట్టీతో భోజనం: వైద్యులు చెప్పే పద్ధతి
>
> ఆపరేషన్ తరువాత మొదటి రెండు వారాలు ద్రవాలు, తరువాత మెత్తగా మెదిపినవి, నాలుగైదు వారాల నుంచి మామూలు తిండి. పళ్లెంలో ముందు మాంసకృత్తులు, అంటే పప్పు, గుడ్డు, పనీరు, చేప, తరువాత కూర, చివరికి అన్నం లేదా రొట్టె. అరగంట లోపు భోజనం ముగించాలి. తింటున్నప్పుడు నీళ్లు వద్దు, భోజనానికీ నీళ్లకూ మధ్య వ్యవధి ఉండాలి. చక్కెర పానీయాలు, సోడా వద్దు. పళ్లెం ఖాళీ కావడాన్ని గుర్తుగా తీసుకోకుండా తృప్తి కలగగానే ఆపాలి. ముద్ద ఇరుక్కుంటే తినడమూ తాగడమూ ఆపి నెమ్మదిగా నడవాలి.

కొసరి వడ్డించే చేతులు

తెలుగు ఆతిథ్యంలో ప్రేమ గరిటెతో కొలుస్తారు. విస్తట్లో ఏమీ మిగల్చకూడదన్న పెంపకం, మారు వడ్డన వద్దంటే అలిగే మేనత్త, ‘పిచ్చుకలా తింటే ఎలా’ అన్న పరామర్శ పట్టీ పడిన మనిషిని రోజూ పరీక్షకు పెడతాయి. ఆపరేషన్ సంగతి బయటకు చెబితే ‘తిండి తగ్గించుకుంటే సరిపోయేదానికి అన్ని లక్షలా’ అన్న మాట వస్తుందేమోనన్న భయంతో, ముఖ్యంగా పెళ్లి కావలసిన ఆడపిల్లల ఇళ్లలో, విషయం దాచిపెట్టడం ఎక్కువ. దాచినకొద్దీ బంతి భోజనాల్లో అందరితో సమానంగా తినక తప్పదు, తింటే తలుపు చాటున వాంతి తప్పదు.

ఇక మనసుకు సంబంధించిన ఆకలి ఒకటి ఉంది. ఒంటరితనాన్ని, అలసటను, అవమానాన్ని తిండితో ఓదార్చుకునే అలవాటు కొందరికి చిన్ననాటి నుంచి ఉంటుంది. పట్టీ జఠరానికి బిగిసిన మరునాడు ఆ ఓదార్పు మాయమవుతుంది, ఓదార్చుకోవలసిన బాధ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆపరేషన్ తరువాత మొదటి నెలల్లో ఏదో ఆత్మీయుడిని పోగొట్టుకున్నంత దుఃఖం కలుగుతుందని రోగులు చెప్పే మాటను అతిశయోక్తిగా కొట్టిపారేయకూడదు. అదుపు తప్పి తినే జబ్బు ఉన్నవారిలో అది ఆపరేషన్ తరువాత రూపం మార్చుకుని, ఒకేసారి ఎక్కువ తినలేరు కాబట్టి, రోజంతా కొంచెం కొంచెం నమలడంగా తిరిగి వస్తుంది. దీనికి మందు సెలైన్ సూదిలో లేదు. మనోవైద్యుడి సహాయం అవసరమైన మనిషికి మరో ఫిల్ ఇచ్చి పంపడం ఈ రంగంలో జరిగిన పెద్ద పొరపాటు.

ఓటమి ఎవరిది?

బ్యాండ్‌కు అనుమతి కోసం అమెరికాలో 299 మంది మీద జరిపిన అధ్యయనంలోనే హెచ్చరికలు ఉన్నాయి. సగం మందికి వికారం లేదా వాంతులు, దాదాపు నాలుగో వంతు మందికి పట్టీ జారడం లేదా పై సంచి ఉబ్బడం కనిపించగా, మూడేళ్లకు తగ్గింది అదనపు బరువులో 36 శాతమే. బ్రస్సెల్స్‌లో 1994–97 మధ్య బ్యాండ్ వేయించుకున్న 151 మందిలో 82 మందిని పన్నెండేళ్లు దాటాక పరిశీలించిన హింపెన్స్ బృందం, దాదాపు సగం మందికి పట్టీ తీసివేయవలసి వచ్చిందనీ, నాలుగో వంతుకు పైగా మందిలో పట్టీ జఠరం గోడను కోసుకుని లోపలికి దిగిందనీ 2011లో ప్రకటించింది. అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ కింద బ్యాండ్ వేయించుకున్న 25 వేల మంది రికార్డులను చూసిన 2017 నాటి అధ్యయనంలో, 18.5 శాతం మందికి సగటున నాలుగున్నరేళ్లలోనే మళ్లీ ఆపరేషన్ జరిగింది, బ్యాండ్ మీద ఆ పథకం పెట్టిన మొత్తం ఖర్చులో సగానికి దగ్గరగా ఈ మరుఆపరేషన్లకే పోయింది. బ్రిటన్‌లో 12 ఆసుపత్రులలో మూడు పద్ధతులను ఎదురెదురుగా పోల్చిన అధ్యయనం 2025లో వెలువడింది. మూడేళ్లకు అదనపు బరువులో సగమైనా తగ్గినవారు బైపాస్‌లో 68 శాతం, స్లీవ్‌లో 41 శాతం, బ్యాండ్‌లో 25 శాతం.

ఈ అంకెలు చదివిన తరువాత, బరువు తగ్గని ప్రతి మనిషినీ క్రమశిక్షణ లేనివారుగా చూడటం ఎంత తప్పో తెలుస్తుంది. నలుగురిలో ముగ్గురు అందుకోలేని గమ్యాన్ని అందుకోలేకపోవడం వ్యక్తిగత లోపం ఎలా అవుతుంది? అయినా వాంతులతో, ఛాతీ మంటతో, తిరిగొచ్చిన కిలోలతో బాధపడే రోగి ఆసుపత్రి గడప తొక్కడానికే సిగ్గుపడి, ఏళ్ల తరబడి పట్టీని చూపించుకోకుండా ఉండిపోవడం అన్ని దేశాల్లోనూ కనిపిస్తుంది. ఆశను పెంచిన బాధ్యత వ్యాపారానిది కూడా. కాలిఫోర్నియా రహదారుల వెంట పెద్ద పెద్ద హోర్డింగులతో ల్యాప్‌బ్యాండ్‌ను ప్రచారం చేసినవారికి, ప్రమాదాల గురించి తగినంతగా చెప్పడం లేదంటూ 2011 డిసెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరిక లేఖలు పంపవలసి వచ్చింది.

బ్రిటిష్ టీవీ ప్రముఖురాలు షారన్ ఆస్బర్న్ 1999లో బ్యాండ్ వేయించుకుని, 2006లో తీయించుకున్నారు. 2023లో బరువు తగ్గించే ఇంజక్షన్ గురించి మాట్లాడుతూ తాను అవసరానికి మించి తగ్గిపోయానని బాహాటంగా చెప్పారు. డబ్బుకూ వైద్యులకూ కొదవలేని ఒక మనిషికి కూడా పాతికేళ్లలో ఒక పరికరం నుంచి మరో మందుకు ప్రయాణం తప్పలేదు.

అదే పట్టీ, మరో ఫలితం

బ్యాండ్‌తో నిజంగా బాగుపడినవారు ఉన్నారు, వారు ఎక్కడ ఎక్కువగా ఉన్నారో చూడటం ఉపయోగకరం. మెల్‌బోర్న్‌లో జాన్ డిక్సన్, పాల్ ఓబ్రయన్ తదితరులు అప్పటికి రెండేళ్ల లోపు మధుమేహం బయటపడిన 60 మంది స్థూలకాయుల మీద జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. రెండేళ్ల తరువాత మధుమేహం సద్దుమణిగినవారు బ్యాండ్ వేయించుకున్న వర్గంలో 73 శాతం, మామూలు చికిత్స వర్గంలో 13 శాతం. సిలికాన్ పట్టీ అక్కడా అదే. ఆ కేంద్రంలో రోగిని ఏళ్ల తరబడి తరచుగా పిలిచి, ఆకలీ తిండీ గురించి అడిగి, బిగువు సర్దే ఏర్పాటు ఉండేది. పట్టీ అమర్చడం ఒక గంట పని, దానితో తినడం నేర్పడం కొన్నేళ్ల పని అని అక్కడివారు మొదటి నుంచీ గుర్తించారు.

మన దేశంలో 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ బరువు తగ్గింపు శస్త్రచికిత్స చేయించుకున్నప్పుడు ఈ వైద్యం వార్తల్లోకి ఎక్కింది. ఇక్కడ నేడు జరిగేవి ఎక్కువగా స్లీవ్, బైపాస్ శస్త్రచికిత్సలే. బీమా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు దాటి, బీఎంఐ 40 లేదా ఆపైన ఉన్నవారికి, లేదా 35 లేదా ఆపైన ఉండి తీవ్రమైన అనుబంధ వ్యాధులు ఉన్నవారికి వైద్య సలహాపై జరిగే ఈ ఆపరేషన్‌ను ఊబకాయ చికిత్స పేరుతో బీమా నుంచి మినహాయించడానికి వీల్లేదు. మంచి మార్పే, కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరిన ఖర్చు వరకే చూస్తాయి. ఆ తరువాత ఏళ్ల పాటు అవసరమయ్యే ఆహార నిపుణుల, మనోవైద్యుల సంప్రదింపులు జేబు ఖర్చుగానే మిగులుతాయి. కత్తికి డబ్బు దొరికి, మాటకు దొరకని ఈ ఏర్పాటు మారకపోతే బ్యాండ్ దగ్గర జరిగిన పొరపాటే స్లీవ్ దగ్గరా, ఇంజక్షన్ దగ్గరా జరుగుతుంది.

ఇంజక్షన్ల విషయంలో అప్పుడే ఆ ఛాయలు ఉన్నాయి. 2021లో వెలువడిన అధ్యయనంలో సెమాగ్లుటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. అదే అధ్యయనానికి కొనసాగింపుగా మందు ఆపినవారిని గమనిస్తే, ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. దీనిని మందు ఓటమి అనీ అనకూడదు, మనిషి ఓటమి అనీ అనకూడదు. ఊబకాయం రక్తపోటు వలె దీర్ఘకాలం వెంట ఉండే వ్యాధి, చికిత్స ఆగితే అది తిరగబెడుతుంది. ఈ మాటను మొదటి సూదికి ముందే, రోగికి అర్థమయ్యే కిలోల లెక్కలో, ఇంటివారి సమక్షంలో చెప్పడం ప్రతి వైద్యుడి కనీస బాధ్యత.

ఒంట్లో ఇప్పటికీ పట్టీ ఉన్న పాఠకులు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో వేయించుకుని ఇక్కడికి తిరిగి వచ్చినవారు సహా, ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికి ఒకసారి బేరియాట్రిక్ శస్త్రవైద్యుడికి చూపించుకోవాలి, ఆపరేషన్ కాగితాలు, పట్టీ రకం వివరాలు దగ్గర ఉంచుకోవాలి. బరువు తిరిగి వచ్చిందన్న సిగ్గుతో ఆ పరీక్షను వాయిదా వేయవద్దు. పదే పదే వాంతులు, రాత్రిపూట దగ్గు, పోర్టు దగ్గర ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. మంచినీళ్లు కూడా దిగకపోయినా, పొట్ట పైభాగంలో భరించలేని నొప్పి వచ్చినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లి, తమకు గ్యాస్ట్రిక్ బ్యాండ్ ఉందని అక్కడి వైద్యులకు ముందుగా చెప్పాలి. పోర్టులోంచి సెలైన్ తీసి పట్టీని వదులు చేయడానికి కొద్ది నిమిషాలు చాలు.